పాయింట్ టూ టూ రైఫిల్‌కు స్కోప్: పవర్ కన్నా ముందు పారలాక్స్ చూడండి

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది నల్గొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. తాతగారి పాత బ్రనో మోడల్ 2 పాయింట్ టూ టూ రైఫిల్ లైసెన్స్‌తో సహా మీ పేరు మీదికి వచ్చింది. నెలకు రెండు సార్లు హైదరాబాద్ వెళ్లి రేంజిలో 50 మీటర్ల దగ్గర కాగితం టార్గెట్ కొడుతున్నారు. వయసు 44. ఏడాదిగా గొట్టం చివర గురి చూసే ముందు సైట్ మసకబారుతోంది. స్కోప్ పెట్టించుకుందామని దుకాణానికి వెళ్తే 6-24×50 చూపించి, దీన్ని మించింది లేదన్నారు. అది తీసుకోవచ్చా, లేకపోతే ఏది తీసుకోవాలి అన్నది మీ ప్రశ్న. బత్తాయి తోటలోకి వచ్చే అడవి పందుల మీద పనికొస్తుందా అని చివర్లో ఇంకో మాట కూడా అడిగారు.

సూటిగా చెప్తున్నా: ఆ 6-24×50 వద్దు. 3-9×40 గానీ 2-7×32 గానీ తీసుకోండి. అందులోనూ పారలాక్స్ (కన్ను జరిగితే గురి జారడం, కింద వివరంగా చెప్తాను) 50 గజాలకు కట్టిన రిమ్‌ఫైర్ మోడలైనా, అంటే పాయింట్ టూ టూ లాంటి చిన్న తూటాల రైఫిళ్ల కోసం చేసినదైనా ఉండాలి, లేదా 10 గజాల నుంచి దూరాన్ని బట్టి సర్దుకునే రింగు ఉన్న మోడలైనా ఉండాలి. 50 మీటర్లు తప్ప ఇంకో దూరం కొట్టను అంటే, జూమ్ లేని 4×32 రిమ్‌ఫైర్ స్కోప్‌తోనే హాయిగా పని జరిగిపోతుంది. మీ బడ్జెట్‌ను నాలుగు వంతులు చేస్తే మూడు వంతులు స్కోప్‌కు, ఒక వంతు దాన్ని రైఫిల్‌కు పట్టించే మౌంట్ రింగులకు పెట్టండి. పందుల సంగతి కింద విడిగా రాస్తాను. దానికి మాత్రం నా జవాబు గట్టిగా "వద్దు".

నేను పాలమూరు వాణ్ణి. పాయింట్ టూ టూ పట్టి ఇరవై రెండేళ్లు దాటింది. పదేళ్లుగా కొత్తగా వచ్చేవాళ్ల రైఫిళ్లకు స్కోపులు బిగించి, జీరో చేసి, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేట్టు సర్ది ఇస్తున్నాను. నా చేతి మీదుగా పోయినవాటిలో నూటికి డెబ్బై గొడవలు ఒకే చోట పుట్టాయి. పవర్ చూసి కొన్నారు, పారలాక్స్ అన్న మాట విననే లేదు.

అంకెల సంగతి రెండు ముక్కల్లో. 3-9×40 అంటే బొమ్మను మూడింతల నుంచి తొమ్మిదింతల దాకా పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం అడ్డంగా 40 మిల్లీమీటర్లు. 4×32 అంటే ఎప్పుడూ నాలుగింతలే, అద్దం 32. అంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

స్కోప్ లోపల క్రాస్‌హెయిర్ గీతలు ఒక చోట ఉంటాయి. టార్గెట్ బొమ్మ వచ్చి పడే చోటు ఇంకొకటి. ఈ రెండూ ఒకే తలంలో పడితే మీరు తల కొంచెం పక్కకు జరిపినా గురి జరగదు. పడకపోతే, రైఫిల్ కదలకుండా ఉన్నా మీ కన్ను జరిగినకొద్దీ గీత టార్గెట్ మీద జారుతూ పోతుంది. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి కరెంటు స్తంభం దూరపు గుట్ట మీద జరుగుతున్నట్టు కనపడుతుంది చూడండి, అలాంటిదే ఇది. పెద్ద రైఫిళ్ల కోసం చేసే మామూలు స్కోపుల్లో ఈ రెండు తలాలూ 100 గజాల దగ్గర కలిసేట్టు ఫ్యాక్టరీలోనే కట్టేస్తారు. రిమ్‌ఫైర్ అని రాసి అమ్మేవాటిలో చాలావరకు 50 గజాల దగ్గర కడతారు. 50 మీటర్లంటే దాదాపు 55 గజాలు, మనకు అతికినట్టు సరిపోతుంది.

తేడా ఎంత వస్తుందో లెక్క కట్టుకోవచ్చు. 40 మిల్లీమీటర్ల అద్దం, పారలాక్స్ 100 గజాలకు కట్టింది, మీరు కొట్టేది 50 మీటర్లు అనుకోండి. కన్ను అద్దం మధ్య నుంచి పూర్తిగా అంచుకు జరిగితే గురి దాదాపు ఒక సెంటీమీటరు పక్కకు పోతుంది. ఒక సెంటీమీటరే కదా అనుకోవద్దు. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడి నుంచి ఒక్కో వలయం 8 మిల్లీమీటర్లు. అంటే మీ తప్పేమీ లేకుండానే, చెంప సరిగా ఆననందుకు ఒక పాయింటు పైగా పోయినట్టు.

నా మొదటి స్కోప్ అలాంటిదే. 4-12×40, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. నాలుగు నెలల పాటు గ్రూపు, అంటే కాగితం మీద తూటాలు పడ్డ గుంపు, మూడు సెంటీమీటర్లు దాటి విచ్చుకుంటూనే ఉంది. తూటాలు మార్చాను, ట్రిగ్గర్ మీద అనుమానపడ్డాను, ఊపిరి బిగపట్టడంలో తప్పుందేమో అనుకున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి తూటా తీయించారు, బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) తీయించారు, రైఫిల్‌ను రెండు ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించారు. "రైఫిల్‌ను ముట్టుకోకు. కన్ను మాత్రం పైకీ కిందికీ, అటూ ఇటూ మెల్లగా ఆడించు, ఏం కనపడుతుందో చెప్పు" అన్నారు. చూస్తే క్రాస్‌హెయిర్ నల్ల చుక్క మధ్య నుంచి జారి పది వలయం దాటి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇసుక సంచుల మీద రైఫిల్ రాయిలా ఉంది. గీత మాత్రం ఈదుతోంది. నాలుగు నెలల టెన్షన్‌కు జవాబు అర నిమిషంలో దొరికింది.

ఇదే పరీక్షను మీరు దుకాణంలో, రైఫిల్ అవసరం లేకుండా చేసుకోవచ్చు. స్కోప్‌ను ఒక బియ్యం సంచి మీదో మడిచిన దుప్పటి మీదో గాడి చేసి పెట్టండి. రోడ్డుకు అవతల సుమారు 50 మీటర్లలో, అంటే 65 అడుగులు వేసి నడిచేంత దూరంలో, ఉన్న ఏదైనా బోర్డు మీద ఒక అక్షరం చివరకు గీతను పెట్టండి. చేతులు తీసేసి కన్ను మాత్రమే ఆడించండి. గీత అక్షరం మీద అంటుకుని ఉంటే ఆ స్కోప్ మీ దూరానికి పనికొస్తుంది. ఈదుతుంటే పెట్టెలో పెట్టి తిరిగిచ్చేయండి, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. దుకాణం వాళ్లు ఇంత పరీక్ష చేయనివ్వకపోతే అక్కడ కొనకండి.

సర్దుకునే రకం గురించి ఒక మాట. ముందు అద్దం చుట్టూ తిప్పే రింగుంటే దాన్ని ఏ.ఓ. అంటారు. ఎడమ పక్కన గుండీలాంటి చక్రం ఉంటే సైడ్ ఫోకస్ అంటారు. రెండూ చేసే పని ఒక్కటే. కొనేటప్పుడు దాని మీద మొదటి అంకె ఎంతో చూడండి. 10 అని ఉంటే మీకు సరిపోతుంది. 50 నుంచి మొదలైతే 25 మీటర్ల దగ్గర పనికిరాదు. ఎయిర్ రైఫిళ్ల కోసం చేసే స్కోపుల్లో చాలావాటికి ఈ 10 గజాల రింగు ఉంటుంది, మన దగ్గర అవే సులువుగా దొరుకుతాయి కూడా. వాటిని పాయింట్ టూ టూ మీద నిశ్చింతగా పెట్టుకోవచ్చు. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ముందుకూ వెనక్కూ రెండు వైపులా కుదుపుతుంది, దాన్ని తట్టుకునే స్కోప్‌కు పాయింట్ టూ టూ కుదుపు లెక్కలోది కాదు. రిమ్‌ఫైర్ అని రాసి లేదు కదా అని వాటిని పక్కన పెట్టకండి. ఒక్క జాగ్రత్త, రింగు మీద రాసిన అంకెలను పూర్తిగా నమ్మొద్దు. 50 అని ఉన్న చోట కాకుండా అటో ఇటో నిజమైన 50 ఉంటుంది. కన్ను ఆడించి చూసి, గీత ఈదకుండా నిలిచిన చోట సన్నని తెల్ల పెయింటుతో చిన్న చుక్క పెట్టుకోండి.

ఇక 24 పవర్ ఎందుకు వద్దన్నానో. మూడు కారణాలున్నాయి. మన ప్రాంతంలో మూడోది అన్నిటికన్నా పెద్దది.

ముందు అద్దాన్ని పవర్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది. 9 పవర్ దగ్గర 40 అద్దానికి 4.4 మిల్లీమీటర్లు. 24 దగ్గర 50 అద్దానికి 2.1 మాత్రమే. అంత సన్నని వృత్తంలోకి కంటిపాపను తెచ్చి నిలపడానికే మీ శక్తి అంతా పోతుంది. తల వెంట్రుకవాసి జరిగితే బొమ్మ నల్లబడుతుంది. 4×32లో ఆ వృత్తం 8 మిల్లీమీటర్లు, తల ఆనించగానే బొమ్మ కళ్లెదుట ఉంటుంది.

రెండోది మీ రైఫిల్ కర్ర. పాత బ్రనో కర్రను ఓపెన్ సైట్ (స్కోప్ లేకుండా వెనక గాడి, ముందు సైట్‌తో చూసే గురి) కోసమే చెక్కారు, చెంప ఆనే చోటు కిందికి ఉంటుంది. 50 అద్దం పెట్టాలంటే ఎత్తైన రింగులు కావాలి. ఎత్తు పెరిగితే చెంప గాల్లో ఉంటుంది, గడ్డం మాత్రమే కర్రకు ఆనుతుంది. చెంప ఆనకపోతే కన్ను ప్రతిసారీ వేరే చోటికి వస్తుంది, మళ్లీ పారలాక్స్ గొడవ. పైగా ఆ స్కోప్ ఒక్కటే ముప్పావు కిలో దాకా తూగుతుంది, 3-9×40 అందులో సగం పైచిలుకు ఉంటుంది. చిన్న అద్దం, తక్కువ ఎత్తు రింగులు పెట్టినా చెంప ఇంకా అందకపోతే కర్రను చెక్కించకండి. తాతగారి వస్తువు. మందపాటి ఫోమ్ ముక్క పెట్టి పైన తోలు పట్టీ కట్టుకుంటే చాలు.

మూడోది మన ఎండ. మార్చి దాటిందంటే పాలమూరులో, నల్గొండలో పది గంటలకల్లా నేల సెగ కక్కుతుంది. పెద్ద పవర్ స్కోప్ టార్గెట్‌తో పాటు ఆ సెగను కూడా అన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఒక ఏప్రిల్‌లో నాతో వచ్చిన కుర్రాడు 24 పవర్‌లో చూస్తూ "టార్గెట్ నీళ్లలో ఉన్నట్టుంది సార్, ఎక్కడ కొట్టాలి" అన్నాడు. నేనూ చూశాను. నల్ల చుక్క గుండ్రంగా లేదు, అంచులు మరుగుతున్న పాలలా పొంగుతున్నాయి. జూమ్ 6కి తగ్గించాను. చుక్క చిన్నదైంది కానీ నిలబడింది. ఆ పూట మిగతా కాల్పులన్నీ వాడు 6 మీదే చేశాడు, గ్రూపు కూడా దగ్గరపడింది. ఎండమావిలో పదో వలయం అంచు స్పష్టంగా కనపడాల్సిన పని లేదు, చుక్క మధ్య తెలిస్తే చాలు. మా దగ్గర ఏడాదిలో ఏడెనిమిది నెలలు 9 పవర్ కన్నా పైకి తిప్పే అవకాశమే రాదు.

మీ కంటి సంగతి. 44 ఏళ్లకు ముందు సైట్ మసకగా కనపడటం జబ్బు కాదు, చత్వారం. ఓపెన్ సైట్‌తో కొట్టేటప్పుడు కన్ను వెనక గాడిని, ముందు సైట్‌ను, టార్గెట్‌ను మూడు దూరాల్లో చూడాలి. చిన్న వయసులో కన్ను వాటి మధ్య చకచకా పరిగెడుతుంది, నలభై దాటాక ఆ పరుగు తగ్గుతుంది. స్కోప్ ఈ మూడింటినీ ఒకే తలంలోకి తెస్తుంది, అందుకే మీకు ప్రాణం లేచి వస్తుంది. కానీ స్కోప్ వెనక ఉండే కంటి అద్దాన్ని మొదట మీ చూపుకు సర్దుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. స్కోప్‌ను తెల్ల గోడ వైపో, సూర్యుడు లేని వైపు ఆకాశంలోకో పెట్టి, రెండు క్షణాలు మాత్రం చూసి, కన్ను తీసేయండి. గీత చూడగానే నల్లగా పదునుగా కనపడాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. కొంచెం తిప్పడం, క్షణం చూడటం, కన్ను తీయడం, ఇలా నాలుగైదు సార్లు చేయండి. కళ్లద్దాలతో కొడతారా, లేకుండానా అన్నది ముందే తేల్చుకోండి. ఎలా కొడతారో అలాగే సర్దాలి.

ఇక్కడే ఇంకో దారి కూడా చెప్పాలి. రేపు జిల్లా, రాష్ట్ర పోటీల మీద మనసు పోతే, ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ స్కోపులకు అనుమతి లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల్లో కొట్టే 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో కాంస్యం గెలిచింది ఇదే పాయింట్ టూ టూ తూటాతోనే, కానీ పీప్ సైట్‌తో. వెనక సన్నటి రంధ్రం, ముందు గుండ్రటి వలయం. సన్నటి రంధ్రంలోంచి చూస్తే చత్వారం ఉన్న కంటికి కూడా దూరం, దగ్గర రెండూ తేటపడతాయి. పోటీ ఆలోచన కొంచెమైనా ఉంటే స్కోప్ కొనే ముందు రేంజిలో ఎవరి పీప్ సైట్‌నైనా ఒక పూట అడిగి చూడండి. మీరు రాసినదాన్ని బట్టి పోటీ ఆలోచన ఉన్నట్టు లేదు కాబట్టి స్కోప్ మీదే మాట్లాడుతున్నా.

మౌంట్ దగ్గర పొదుపు చేయకండి. మీ బ్రనో పైన రెండు పక్కలా సన్నటి గాడి ఉంటుంది, 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ అంటారు. దుకాణాల్లో ఎక్కువగా కనపడే రింగులు వీవర్, పికటిన్నీ అనే వెడల్పు పట్టాలకు చేసినవి, దాదాపు 21 మిల్లీమీటర్లు. అవి మీ రైఫిల్‌కు పట్టవు. మధ్యలో అడాప్టర్ ముక్క పెట్టి బిగిస్తామంటారు. తప్పనిసరైతే తప్ప ఒప్పుకోకండి, ఎత్తు పెరుగుతుంది, వదులయ్యే చోట్లు రెండింతలవుతాయి. నేరుగా 11 డవ్‌టెయిల్ రింగులు అడగండి. స్కోప్ గొట్టం ఒక అంగుళమా, 30 మిల్లీమీటర్లా అన్నది కూడా రింగుకు సరిపోవాలి.

వనపర్తి నుంచి ఒకతను వచ్చాడు. పొద్దున ఒక చోట, పది రౌండ్ల తర్వాత ఇంకో చోట గ్రూపు పడుతోంది, స్కోప్ పాడైంది, అమ్మేస్తానన్నాడు. విప్పి టార్చ్ పెట్టి చూశాను. డవ్‌టెయిల్ గాడి మీద నల్ల పూత చెరిగి, రెండు మిల్లీమీటర్ల పొడవున వెండిలా మెరుస్తున్న గీత ఉంది. రింగు ప్రతి కాల్పుకూ కొద్దికొద్దిగా వెనక్కి జారిందన్నమాట. గాడిలో పాత నూనె, ఎర్రమట్టి కలిసి జిగురుగా పేరుకుపోయింది. గుడ్డకు కొంచెం స్పిరిట్ తడిపి గాడిని శుభ్రంగా తుడిచి, ఆరాక రింగులు మళ్లీ బిగించాం. స్కోప్ ఇప్పటికీ అదే వాడుతున్నాడు. మీరు కూడా బిగించే ముందు గాడిలో నూనె చుక్క లేకుండా తుడవండి. రింగుల పై మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి, రెండు పక్కలా సందు ఒకేలా ఉండాలి. 2 న్యూటన్ మీటర్ల లోపే ఆపేయండి. బలం చూపిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది, లోపలి కదలికలు బిగుసుకుపోతాయి.

పూర్తిగా బిగించే ముందు మూడు చూసుకోండి. బోల్ట్ పిడి పూర్తిగా పైకి లేస్తోందా, కంటి అద్దానికి తగులుతోందా. సేఫ్టీ ఆటంకం లేకుండా తిరుగుతోందా. ముందు అద్దం రైఫిల్ గొట్టానికి గానీ పాత వెనక సైట్‌కు గానీ ఆనుతోందా. చిన్న కాగితం ముక్క మధ్యలోంచి సాఫీగా రావాలి. నిలువు గీత నిలువుగా ఉందో లేదో చూడటానికి తాపీ మేస్త్రీలు గోడకు పట్టే గుండు దారాన్ని దూరంగా వేలాడదీసి గీతను దాంతో సరిచూసుకోండి. కంటికీ స్కోప్‌కూ మధ్య ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు వచ్చేట్టు ముందుకో వెనక్కో జరపండి. పడుకుని కొట్టేటప్పుడు తల ముందుకు వస్తుంది, కాబట్టి కూర్చుని కాదు, మీరు కొట్టే భంగిమలోనే చూసుకోండి.

జీరో చేయడం. తూటా లేదని రెండుసార్లు చూసుకుని బోల్ట్ తీసేయండి. ఇసుక సంచుల మీద పెట్టి, గొట్టం లోపలి నుంచి 25 మీటర్ల టార్గెట్‌ను గుండ్రంగా మధ్యలోకి తెచ్చుకోండి. రైఫిల్ కదపకుండా స్కోప్ గీతను అదే చుక్క మీదికి తిప్పండి. ఇక మొదటి తూటా కాగితం మీదే పడుతుంది. మూడు రౌండ్లు కొట్టి, మూడింటి మధ్యను చూసి తిప్పాలి, ఒక్క రంధ్రాన్ని చూసి తిప్పొద్దు. చక్రం మీద పావు ఎం.ఓ.ఏ. (గురి జరిగే కోణానికి కొలత) అని ఉంటే ఒక్కో క్లిక్కు 50 మీటర్ల దగ్గర 3.6 మిల్లీమీటర్లు జరుపుతుంది, 25 దగ్గర అందులో సగం. గ్రూపు 4 సెంటీమీటర్లు కింద పడిందంటే 11 క్లిక్కులు పైకి. జీరో అయ్యాక పైకి 20, కుడికి 20, కిందికి 20, ఎడమకు 20 తిప్పి, ప్రతి మూలలో మూడేసి కొట్టండి. కాగితం మీద 7 సెంటీమీటర్ల పైచిలుకు చదరం రావాలి, చివరి గ్రూపు మొదలుపెట్టిన చోటే పడాలి. అలా తిరిగి రాని స్కోప్‌ను వారంటీలో ఉండగానే మార్చుకోండి.

మామూలు వేగం తూటా, స్కోప్ రైఫిల్ గొట్టం కన్నా నాలుగు సెంటీమీటర్ల లోపు ఎత్తులో ఉంది అనుకుంటే, 50 మీటర్లకు జీరో చేసిన రైఫిల్ 25 దగ్గర సుమారు ఒక సెంటీమీటరు పైన కొడుతుంది. 75 దగ్గర 8 సెంటీమీటర్లు కింద, 100 దగ్గర 20కి పైనే కింద. అందుకే 100 మీటర్లకు కూడా ఇదే రైఫిల్ అన్న ఆశతో పెద్ద స్కోప్ కొనడంలో అర్థం లేదు. తూటా అంతగా వాలుతుంది, గాలి కూడా బాగా తోస్తుంది. ఇంకో ముఖ్య విషయం, ఎక్కువ వేగం తూటాలు గాలికి తక్కువ జరుగుతాయని అనుకుంటారు. పాయింట్ టూ టూలో అది తలకిందులు. ధ్వని వేగం దాటి బయల్దేరిన తూటా దారిలో మళ్లీ ఆ వేగం కిందికి పడేటప్పుడు గాలికి ఎక్కువ లొంగుతుంది. కాగితం కొట్టడానికి మామూలు వేగమే మంచిది. ఏ రైఫిల్‌కు ఏ తూటా నచ్చుతుందో కొట్టి చూస్తే తప్ప తెలియదు. లైసెన్స్ మీద ఏడాదికి ఇచ్చే కోటాలోంచి రెండు మూడు రకాలు చిన్న పెట్టెలు తీసుకుని పరీక్షించాకే ఒకటి ఖాయం చేసుకోండి. తూటా మారితే జీరో కూడా మారుతుంది.

గీతల విషయంలో ఆర్భాటం వద్దు. సన్నని మామూలు క్రాస్, బయట మందం, మధ్యలో సన్నం, అంతే. మధ్యలో చుక్క ఉన్నదైనా పర్లేదు. వెలిగే గీతలు పగటి కాగితానికి దేనికీ పనికిరావు. కంపెనీ పేర్లు కూడా చెప్తాను. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2లో 2-7×32 రిమ్‌ఫైర్ మోడల్ 50 గజాలకు కట్టి వస్తుంది, మీ పనికి సరిగ్గా అదే. హాక్, బుష్‌నెల్, లియుపోల్డ్‌లలోనూ రిమ్‌ఫైర్‌కు సరిపోయేవి ఉన్నాయి. అయితే పేరున్న కంపెనీల నకిలీలు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. సీరియల్ నంబర్, బిల్లు, వారంటీ కార్డు మూడూ లేకుండా కొనకండి. పెట్టె మీద పేరు ఏదైనా బియ్యం సంచి పరీక్ష తప్పనిసరి.

ఇప్పుడు పందుల సంగతి. తోట నష్టం ఎంత బాధ పెడుతుందో నాకు తెలుసు, మా చెల్లెలు వాళ్ల పల్లి చేను ఒక్క రాత్రిలో దున్నినట్టయింది. అయినా ఈ రైఫిల్‌తో ఆ పని తలపెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని వేటాడటం నేరం. మీ తోట దేవరకొండ దాటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు ఉంటే స్కోప్ పెట్టిన రైఫిల్‌తో అటు వెళ్లడమే మీ మెడకు చుట్టుకుంటుంది. చట్టాన్ని పక్కన పెట్టినా పాయింట్ టూ టూ తూటా శక్తి గొట్టం దగ్గర 140 జౌళ్ల చుట్టుపక్కల. అది పందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ పంది పొదలో కూర్చుంటే తెల్లారి కూలికి వచ్చిన ఆడవాళ్ల మీదికి వస్తుంది. మన నేలంతా రాతి గుట్టలు. సీసపు తూటా బండకు తగిలి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు, తగలకుండా పోతే కిలోమీటరున్నర దాకా పోగలదు. స్కోప్‌లో చూస్తే పంది వెనక ఏముందో కూడా కనపడదు, అది చూపించే మేర అంత ఇరుకు. తోటకు సోలార్ కంచె వేయించండి, అటవీ శాఖ వాళ్లకు రాసివ్వండి. అలాగే దూరంగా ఎవరొస్తున్నారో చూడటానికి స్కోప్‌ను వాడకండి. మనిషిని స్కోప్‌లో చూడటమంటే రైఫిల్ గురిపెట్టడమే. దానికి బైనాక్యులర్ ఉంది.

సంరక్షణ కొద్దిగా. మన ఎర్రమట్టి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. అద్దాన్ని తువ్వాలు కొంగుతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తర్వాత మెత్తని బ్రష్, చివరికి అద్దాల గుడ్డ. వానాకాలంలో తోలు సంచిలో మూసి పెడితే అద్దం లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. నావి రెండు అలా పోయాయి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

ఎన్నికలొస్తే రైఫిల్ పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు కదా, అప్పుడు స్కోప్‌ను రింగులతో సహా విప్పి ఇంట్లో ఉంచుకుని రైఫిల్ మాత్రం అప్పగించండి. విప్పే ముందు రింగు ఏ చోట ఉందో గాడి మీద పెన్సిల్‌తో సన్నగా గీసుకుంటే మళ్లీ పెట్టడం సులువు. స్టేషన్‌లో వేరే తుపాకుల పక్కన నెలల తరబడి ఆనించి ఉంటుంది, స్కోప్ ఉంటే దాని మీదే బరువు పడుతుంది. తిరిగి తెచ్చుకున్నాక గొట్టం తుడిచి, 25 దగ్గర మూడు రౌండ్లు, 50 దగ్గర ఐదు రౌండ్లు కొట్టి జీరో సరిచూసుకోకుండా స్కోర్ లెక్క పెట్టకండి.

కొనే ముందు ఒక పని చేయండి. గాడి వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, స్కేలుతో వద్దు. గాడి పొడవు, పాత వెనక సైట్ ఎత్తు కూడా కొలిచి రాయండి. ఆ మూడు కొలతలు చూస్తే తక్కువ ఎత్తు రింగులు పడతాయా, మధ్యస్థం కావాలా అన్నది ఖచ్చితంగా చెప్తాను. దుకాణం వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే 6-24 బదులు 3-9 ఏ.ఓ. మార్చివ్వమని ఇప్పుడే అడగండి, పెట్టె సీలు తెరవకముందే.